మూడు చెరువుల పందెం

మా క్లబ్బుకు ముందు పెట్టుకున్న పేరు 'పఠన సంఘం'. ఆ పేరు గోడ మీద రెండు రోజులు కూడా నిలవలేదు. నిజాం రాజ్యంలోకి మిలిటరీ వచ్చిన మరుసటేడు అది. మా వైపు పల్లెల్లో సంఘం అంటే ఒకటే అర్థం, కమ్యూనిస్టులని. ఆ అర్థం పట్టుకుని మనుషులను లారీల్లో ఎక్కించుకుపోతున్న రోజులు. సూర్యాపేటలో మేం కిరాయికి తీసుకున్న గది తలుపు పక్కన నేను సుద్దతో రాసిన అక్షరాలను ఇంటాయన తడిగుడ్డతో తానే తుడిచేశాడు. చదువుకోండి, పేపరు చదువుకోండి, ఆ మాట మాత్రం నా గోడ మీద వద్దన్నాడు. అదే చోట 'క్లబ్బు' అని రాశాను. క్లబ్బంటే అప్పట్లో ఆఫీసర్లు సాయంత్రాలు పేకాడుకునే చోటు. ఆ మాట చూసి నవ్విన వాళ్లున్నారు గానీ భయపడ్డ వాళ్లు లేరు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. పేటలో చిన్న బడిలో పంతులుగా చేస్తున్నాను. మా ఊరు కోదాడ నుంచి అనంతగిరి పోయే దారిలో ఒక పల్లె. మా నాయన ఆ ఊరి చెరువుకు నీరటి. తూము తీసి, మూసి, పొలాలకు నీళ్లు పంచే పని ఆయనది. మా తాత కాలంలోనే మా వాడ వాడంతా క్రైస్తవంలో కలిసింది. మతం మారినా ఊరు మమ్మల్ని పిలిచే పేరు మారలేదు. ఊరి బావికి మేం ఎంత దూరంలో నిలబడాలో ఆ దూరమూ మారలేదు.

నేను పేపరు చదువుతుంటే వినడానికి మా గదికి వచ్చేవాళ్లలో సగం మంది చెరువు పక్కనుండే బెస్తవాడ వాళ్లు. కార్తీకం వెళ్లాక ఒక ఆదివారం, నేను ప్రార్థన నుంచి వస్తుంటే, వాళ్లలో ఇద్దరు నన్ను చెరువు దగ్గరికి తీసుకుపోయారు. నడుం లోతు నీళ్లలో దిగి, కాళ్లతో బురదను తడిమి, తాడు కట్టి ఒక నల్లటి మొద్దును ఒడ్డుకు లాగారు. అది దోనె అని ఒడ్డున పడ్డాకగానీ నాకు తెలియలేదు. తాటి మొద్దును తొలిచి చేసింది. ఇద్దరు పట్టేంత ఇరుకు. నీళ్లలో ముంచి పెడితే అది పగలదు, పుచ్చదు. కానీ వాళ్లు ముంచింది అందుకు కాదు. అంతకుముందు రెండేళ్లలో రేవుల్లో కనిపించిన దోనెనల్లా ఎవరో ఒకరు గొడ్డళ్లతో పగలగొట్టారు. మొదట రజాకార్లు, తర్వాత వాళ్లను తరుముకుంటూ వచ్చిన మిలిటరీ వాళ్లు. ఇద్దరికీ అనుమానం ఒకటే. అడవిలో ఉన్నవాళ్లను ఇవి ఏరు దాటిస్తున్నాయని.

ఆ దోనె ఒడ్డున నిలబడి చూస్తున్న ఒకామెది. నలభై ఏళ్లుంటాయి. మూసీ రేవులో భర్త దోనె నడిపేవాడు, అతను జ్వరంతో పోయాక తెడ్డు ఆమె పట్టింది. ఆమె దోనెల్లో ఒకదాన్ని పగలగొట్టారు. రెండోదాన్ని ఆమె బండి మీద గడ్డి కింద పెట్టి పేటలో తన పుట్టింటికి తెచ్చి చెరువులో ముంచింది. దోనెలో ఎవరెవరిని ఎక్కించావని అప్పట్లో ఆమెను చాలాసార్లు అడిగారట.

"నువ్వేం చెప్పినవమ్మా?" అన్నాను.

"అక్కా అను," అంది. "ఏరు దాటాల్సినోళ్లు ఎక్కిన్రని చెప్పిన."

దోనెను మళ్లీ ముంచుదామా, గడ్డివాములో దాచుదామా అని ఆ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే ఆమె విని ఊరుకోలేకపోయింది. "దాసిపెడితేనే దొంగతనం అంటున్రు. చెరువు నడిమిట్ల, పట్టపగలు, అందరు సూస్తుండంగ నడిపితే ఏమంటరో సూద్దాం," అంది.

పందేలు అక్కడ పుట్టాయి. కోదాడలో, మిర్యాలగూడలో మాలాంటి క్లబ్బులే చెరొకటి ఉండేవి. ఆ రెంటికీ కార్డులు రాశాను. వారం తిరగకముందే జవాబులొచ్చాయి. మిర్యాలగూడ క్లబ్బులో ఉన్నది వడ్ల మిల్లుల హమాలీలు. కృష్ణ ఒడ్డున చుట్టాలున్నారు, దోనెలు తెచ్చుకుంటామన్నారు. కోదాడ క్లబ్బును నడిపేది ఒక మోతుబరి ఇంటి యువకుడు. బెజవాడలో కాలేజీ చదివి వచ్చాడు. మా తాలూకాల్లో ఇలాంటిది ఎన్నడూ జరగలేదని, తాము ముందుంటామని రెండు పేజీలు రాశాడు.

వానాకాలపు ఆబి పంట కోతలు అయిపోయి, ఎండాకాలపు తాబి నాట్లకు నీళ్లు వదలకముందు, ఆ రెండు నెలలే చెరువులు నిండుగా, పనిలేకుండా ఉంటాయి. అందుకని చలికాలం పెట్టుకున్నాం. మూడు చోట్ల మూడు పందేలు. ఒక్కో క్లబ్బుకు రెండు దోనెలు, దోనెకు ఇద్దరు మనుషులు. కట్ట దగ్గర బయలుదేరి, చెరువు మధ్యలో పాతిన వెదురు గడను చుట్టి మళ్లీ కట్టకు రావాలి. ముందొచ్చిన దోనెకు ఐదు, తర్వాతదానికి మూడు, మూడోదానికి ఒకటి. మూడు చెరువులూ అయ్యాక ఎక్కువ వచ్చిన క్లబ్బు గెలిచినట్టు. గెలిచిన వాళ్లకు టేకుతో చెక్కిన తెడ్డు. వెదురు గడకు కట్టడానికి ఎర్ర గుడ్డ కొన్నారు మావాళ్లు, దూరానికి బాగా కనిపిస్తుందని. దాన్ని చూసి నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ గుడ్డను దాచేసి, తెల్లగుడ్డను పసుపులో ముంచి కట్టాం, మిగిలిన ముక్కతో జెండా చేశాం.

బెస్తవాడ వాళ్లు చెరువులో ముంచిన ఇంకో దోనెనూ పైకి తీశాం. ఆ రెండింటి సంగతి పేటలోని మిలిటరీ క్యాంపుకు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నన్ను రమ్మని సిపాయి వచ్చాడు. క్యాంపు ఆఫీసరు ఉత్తరాది మనిషి. నేను పై చదువంతా ఉర్దూలోనే చదివాను కాబట్టి మా మధ్య మాటకు అడ్డం లేదు. ఆయన ముందు ఒక రిజిస్టరు ఉంది. ఈ పేటలో ఒక్క పడవ కూడా లేదని మాకు రాసిచ్చారు, మరి ఈ రెండూ ఎక్కడివన్నాడు. చెరువులోవన్నాను. పందెం ఎందుకన్నాడు.

"మీరు కట్ట మీద కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు సాబ్. ఎన్ని దోనెలున్నాయో, ఎవరు నడుపుతారో అన్నీ చూసి రాసుకోవచ్చు. దాచుకునేవాళ్లు పందెం పెడతారా?" అన్నాను.

రెండుసార్లు కాదని పంపించాడు. నేను మళ్లీ పోయాను. మూడోసారి షరతులతో సరేనన్నాడు. పొద్దుగూకేలోపు దోనెలు తెచ్చి క్యాంపు ముందు గొలుసు వేయాలి. నడిపే వాళ్లందరి పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు రాసి ఇవ్వాలి. ఏం జరిగినా జవాబు నాది. మిగతా రెండు క్లబ్బులు పంపిన కార్డులు చూసి, అక్కడే కూర్చుని నా చేతి రాతతో పన్నెండు పేర్లు రాసి, కింద సంతకం చేశాను. ఆడమనిషి పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. ఇదేమిటన్నాడు. పేటలో దోనె నడపడం ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్నాను. చివరికి ఒప్పుకున్నాడని సంతోషంతో ఇంటికి నడిచాను. ఆ కాగితం ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు.

మొదటి పందెం నాడు పేట చెరువు కట్ట మీద అంతమంది జనాన్ని నేను ఊహించలేదు. మూడేళ్లుగా నలుగురు ఒకచోట చేరాలంటే భయపడ్డ ఊరు. గుంపును చూసి గుంపే ధైర్యం తెచ్చుకున్నట్టుంది. సిపాయిలు తుపాకులతో అటు నలుగురు, ఇటు నలుగురు నిలబడ్డారు. ఆఫీసరు నిజంగానే కుర్చీ వేయించుకున్నాడు. నేను జెండా దించగానే ఆరు దోనెలు కదిలాయి. మిర్యాలగూడ హమాలీల భుజాలు రోజూ బస్తాలు మోసినవి. నాలుగు ఊపుల్లో ముందుకు పోయారు. అక్క మాత్రం తొందరపడలేదు. ఆమె వెనక, బెస్తవాడ యువకుడొకడు ముందు. వెదురు గడ దగ్గర అందరూ వెడల్పుగా తిరుగుతుంటే ఆమె తెడ్డును ఒక పక్క నాటి, గడకు జానెడు దూరంలో దోనెను గిరుక్కున తిప్పింది. హమాలీలే గెలిచారు. కానీ రెండోది ఆమె దోనె. కట్ట మీద వాళ్లంతా అరిచింది గెలిచిన వాళ్ల కోసం కాదు.

నాలుగో రోజు ఆమె జతగాడిని క్యాంపుకు తీసుకుపోయారు. వాళ్లు వెతుకుతున్న ఎవరో మనిషి పేరూ ఇతని పేరూ ఒకటే. తండ్రి పేరు కూడా ఒకటేనట. ఆ పేర్లు వాళ్లకు నా కాగితంలో దొరికాయి.

రోజూ బడి వదిలాక క్యాంపు గేటు దగ్గర నిలబడ్డాను. ఎనిమిదో రోజు వదిలేశారు. అతను బయటికి వచ్చి నాతో కలిసి చెరువు దాకా నడిచాడు. లోపల ఏం జరిగిందో అప్పుడు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. కట్ట ఎక్కాక ఆగాడు.

"నా పేరు నువ్వే రాసిచ్చినవ్ గదా పంతులూ."

"అవును," అన్నాను.

"ఇంకోసారి ఎవ్వల పేరు రాయకు."

ఆ మాట నేను జీవితమంతా పాటించాలని చూశాను. కొన్నిసార్లు ఉద్యోగంలో కుదరలేదు. కానీ ఆ చలికాలం మాత్రం పాటించాను. రెండో పందేనికి జాబితా ఏదని ఆఫీసరు అడిగితే రాయనన్నాను. జాబితా లేకపోతే పందెం లేదన్నాడు. మిర్యాలగూడ మీ కింద లేదు సాబ్, నేను అనుమతి కోసం రాలేదు, రాయనని చెప్పి పోదామని వచ్చానన్నాను. ఆయన రిజిస్టరు మూసేశాడు.   పొమ్మన్నాడు. పో అంటే ఇంటికి పొమ్మనో, మిర్యాలగూడకు పొమ్మనో నేను అడగలేదు.

పోవడానికి సిద్ధమే, కానీ క్యాంపు నుంచి వచ్చినవాడు మళ్లీ దోనె ఎక్కనన్నాడు, అక్కకు జత లేడు. అతన్ని పట్టుకుపోయాక బెస్తవాడలో తల్లులు కొడుకులను చెరువు వైపు రానివ్వడం లేదు. రెండో దోనెకు మాత్రం ఇద్దరు మిగిలారు. నేను కూర్చుంటానన్నాను. బెస్తవాడ పెద్ద ఒకాయన ముందుకొచ్చాడు. పంతులు మంచోడే, చదువు చెప్పే మనిషి, అయినా మన ఆడమనిషితో ఒక్క దోనెలో అని ఆగాడు. ఆయన దేని దగ్గర ఆగాడో నాకు తెలుసు. ఆడ మగ అన్న దగ్గర కాదు.

"దోనె నాది," అంది అక్క. "ఎవరు కూసోవాల్నో నేను జెప్త."

పదిహేను రోజులు బడికి ముందు పొద్దున్నే ఆమె నాకు తెడ్డు నేర్పింది. మోకాళ్ల మీద కూర్చోవాలి. పిరుదులు ఆనించామా, దోనె ఊగుతుంది. నేను బలమంతా పెట్టి నీళ్లను కొట్టేవాణ్ని. ఆమె వెనక నుంచి అదే మాట అనేది, నీళ్లను కొట్టకు, ఎనకకు నెట్టు అని. అరచేతులు బొబ్బలెక్కి సుద్దముక్క పట్టుకోలేకపోయాను. నల్లబల్ల మీద నా బదులు పెద్ద తరగతి పిల్లల చేత రాయించాను.

రోజూ పొద్దున్నే విప్పినట్టే ఆరోజూ సిపాయి గొలుసు విప్పాడు. దోనెలను రెండు బండ్ల మీద గడ్డి పరిచి ఎక్కించి, ఎండకు పగలకుండా పైన కూడా గడ్డి కప్పి మిర్యాలగూడ బయలుదేరాం. దారిలో ఒక నాకా దగ్గర సిపాయిలు ఆపారు. గడ్డిలో తుపాకీ మొన గుచ్చి చూసి, దోనె కనిపించగానే అందరినీ దిగమన్నారు. వాళ్లలో ఒకడు మలబారు వైపు వాడు. దోనెను ఆ కొస నుంచి ఈ కొస దాకా చేత్తో తడిమాడు. మా పందెం సంగతి వచ్చీరాని ఉర్దూలో విని, బండి మీద ఉన్న దోనెలోకే ఎక్కి మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాళ్ల ఊళ్లో వందమంది ఒక్క పడవలో కూర్చుని పందెం వేస్తారని చెప్పాడు. మావి చూసి, ఇవి మీ పడవల పిల్లలా అని నవ్వాడు. తక్కిన వాళ్లకు ఏం చెప్పాడో ఏమో, మమ్మల్ని వదిలారు.

మిర్యాలగూడ పందెంలో మేం నాలుగో స్థానంలో వచ్చాం. తప్పు నాది. గడ చుట్టే దగ్గర నేను కంగారులో తెడ్డు తప్పు పక్కన వేశాను, దోనె అడ్డం తిరిగింది.  ఒడ్డుకు వచ్చాక అక్క చీర కొంగు పిండుకుంటూ, కోదాడలో అట్ల చేయకని మాత్రం అంది.

మూడో పందేనికి కోదాడ క్లబ్బు వాళ్లు ఎంచుకున్న చెరువు మా ఊరిది. ఆ చుట్టుపక్కల దాన్ని మించిన చెరువు లేదు. ఉత్తరం చూసి నేను పొంగిపోయాను. మా నాయన కాపాడిన నీళ్లలో నేను తెడ్డు వేస్తాననుకున్నాను. ముందురోజు మధ్యాహ్నానికి మా బండ్లు ఊరి పొలిమేర చేరాయి. కోదాడ యువకుడు సైకిలు మీద ఎదురొచ్చాడు. అతని మొహం బాగాలేదు. నన్ను పక్కకు తీసుకుపోయాడు.

ఊరి పటేలు అతనికి మేనమామ. ఆ పటేలు కబురు పంపాడు. పందెం జరుపుకోండి, బెస్తలు దిగినా హమాలీలు దిగినా మాకు అభ్యంతరం లేదు, నీరటి కొడుకు మాత్రం చెరువులో ఆటకు దిగడానికి వీల్లేదు, ఊరు తాగే నీళ్లు.

"మాస్టారూ, మీరు గట్టు మీదే ఉండండి," అన్నాడు ఆ యువకుడు. "జెండా మీరే ఊపండి. ఇదంతా పెట్టింది మీరే కదా, అది ఇంకా పెద్ద గౌరవం. అక్కగారి పక్కకి మావాళ్లల్లో ఒకర్ని ఇస్తాను."

అతను చెడ్డవాడు కాదు. ఆ మాట అంటున్నప్పుడు నా కళ్లలోకి చూడలేకపోయాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. గౌరవం వద్దు, దోనెలో నా చోటు నాకు కావాలన్నాను. రేపు పొద్దున నేను నీళ్లలో ఉంటాను, ఆపేవాళ్లు నీళ్లలోకి వచ్చి ఆపాలన్నాను.

అంత మాట అని మా ఇంటి వైపు నడిచాను. నీరటి పనికి ఊరిచ్చిన రెండెకరాల ఇనాం ఉంది మాకు. పటేలు తలుచుకుంటే అది ఉండదు. మా నాయన జీవితంలో పటేలు ముందు చెప్పుతో నిలబడిన మనిషి కాదు, గొంతెత్తిన మనిషి అంతకన్నా కాదు. వద్దు బిడ్డా అంటాడనే అనుకున్నాను. అంటే ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. ఇంట్లో ఆయన గటక తింటున్నాడు. కబురు ఆయనకు నాకన్నా ముందే చేరింది. నేను కూర్చున్నాక కంచం ఖాళీ చేశాడు. చేయి కడుక్కుని వచ్చి, "ఏడ కూసుంటవ్? ముందటనా, ఎనకనా?" అన్నాడు.

ముందన్నాను.

"పెద్ద తూము కాడ నీళ్లు గుంజుతుంటయ్. కండ్లకు కనవడదు. గాడికి ఇరవై బారల దూరం నుంచి పోండ్రి," అన్నాడు.

నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ అవసరం పడలేదు.

మర్నాడు కట్ట మీద పటేలు కుర్చీలో కూర్చున్నాడు, వెనక నలుగురు కర్రలతో. మా వాడ వాళ్లు ఎప్పుడూ కట్ట కింద, అలుగు పొర్లే మత్తడి పక్కన నిలబడేవాళ్లు, ఆరోజు ఒక్కొక్కరే కట్ట ఎక్కారు. ఎవరూ పిలవలేదు. మా దోనె ఇంకా ఒడ్డునే ఉంది. అక్క ఒక కొసన చేయి వేసి నిలబడింది. నేను చొక్కా విప్పి మరో కొస పట్టుకోగానే పటేలు మా నాయనను పిలిచాడు.

"ఏందిరా, నీ కొడుక్కు నువ్వు చెప్పవా? ఊరు తాగే నీళ్లని తెల్వదా?"

మా నాయన ఎప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతు మాత్రం ఎప్పటిది కాదు.

"ముప్పై ఏండ్లసంది తూము కాడ మునిగేది నేనే దొరా. నా నోట్లెకు, ముక్కుల్లకు గీ నీళ్లే పోయినయ్. నేను మునిగి లేసిన నీళ్లే ఊరు తాగింది."

"అది పనిరా. ఇది ఆట."

"గదే అడుగుతున్న దొరా. పనికి దిగనిచ్చిన నీళ్లు ఆటకెందుకు దిగనియ్యవు?"

 పటేలు తల వెనక్కి తిప్పి చూశాడు. ఆయన వెనకున్న వాళ్లలో ఒకడు కర్ర మార్చి పట్టుకున్నాడు. అప్పుడు మిర్యాలగూడ హమాలీలు నలుగురూ తమ దోనెల దగ్గరినుంచి నడిచి వచ్చి, మా దోనెకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు చేతులేసి, ఎత్తి నీళ్లలో పెట్టారు. అక్క ఎక్కింది. నేను ఎక్కాను. నీళ్లు పాదాలకు చల్లగా తగిలాయి. ఆ చెరువు గట్టున పుట్టి పెరిగిన నేను ఆ నీళ్లలో ఊరంతా చూస్తుండగా దిగడం అదే మొదలు.

జెండా కోదాడ యువకుడి చేతిలో ఉంది. అతను మేనమామ వైపు చూశాడు. పటేలు లేచి నిలబడి, జెండా ఇటివ్వమన్నట్టు చేయి చాపాడు. ఆ పసుపు గుడ్డ గాలికి కొట్టుకుంటూ అంతసేపు పైనే ఉండిపోయింది. ఎంతసేపో నేను చెప్పలేను. అతను కళ్లు మూసుకుని దాన్ని కిందికి దించాడు.

తర్వాత నాకు వినిపించింది అక్క గొంతు ఒకటే. నెట్టు, నెట్టు. పెద్ద తూము దగ్గరికి వచ్చేసరికి నేను కుడివైపుకు వేలు చూపాను, ఆమె దోనెను దూరంగా తీసింది. కోదాడ దోనె ఒకటి దగ్గరి దారని తిన్నగా పోయి ఆ గుంజుడులో పడి ఆగిపోయింది. గడ దగ్గర నేను ఈసారి తెడ్డు సరైన పక్కనే వేశాను. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. దోనెలోకి నీళ్లు ఎక్కాయి. ఆమె నడపడం ఆపకుండానే మధ్యమధ్య సొరకాయ బుర్రతో ఎత్తి పోసింది. హమాలీల దోనె మాకంటే రెండు బారలు ముందు కట్టను తాకింది. టేకు తెడ్డు వాళ్లదే అయింది, మూడు చెరువుల మీద వాళ్లే ముందున్నారు. మేం రెండో స్థానంలో ఉన్నాం. కట్ట మీద చూస్తే పటేలు కుర్చీ ఖాళీగా ఉంది. మా నాయన తూము రాయి మీద కూర్చుని నీళ్ల వైపు చూస్తున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ చేయనిది, ఆయన నా తడి తల మీద చేయి పెట్టాడు.

ఆ వారంలోనే నీరటి పని తీసేశారు. ఇనాం పొలంలో దుక్కి దున్నవద్దని కబురొచ్చింది. నేను పేట నుంచి పరుగెత్తుకుంటూ పోతే మా నాయన గడ్డపార నూరుకుంటున్నాడు. కూలి పని ఎక్కడైనా ఉంటుందన్నాడు. నేను తప్పు చేశానా నాయినా అని అడిగాను. తప్పయితే పందేనికి ముందే చెప్పేవాణ్ని కదా అన్నాడు.

తాబి నాట్లు పడ్డాక ఒకరోజు పెద్ద తూము తలుపు ఇరుక్కుంది. కొత్తగా పెట్టిన మనిషికి మునగడం రాదు. నీళ్లు రాత్రీ పగలూ వాగులోకి పోతుంటే ఊరు కట్ట మీద నిలబడి చూసింది. రెండో రోజు పటేలు మనుషులు మా ఇంటికి వచ్చారు. మా నాయన పోయాడు. ఆ నీళ్ల కింద మా వాడ వాళ్లు కౌలుకు చేసే మళ్లు కూడా ఉన్నాయి. నాలుగుసార్లు మునిగి తలుపు సరిచేసి పైకి వచ్చాడు. నీరటి పని మళ్లీ చేసుకో, ఇనాం నీదే అన్నారట. తడి బట్టలతోనే నిలబడి, ఆలోచించి చెబుతానన్నాడట. పటేలుకు ఆలోచించి చెబుతానన్న మనిషి మా వాడలో అంతకుముందు లేడు.

నెల రోజులు నిజంగానే ఆలోచించాడు. ఆ నెలలో నా దగ్గరికి పేటకు వచ్చాడు. బస్సు ఎక్కడం ఆయనకు అదే మొదలు. సాయంత్రం మా క్లబ్బు గదిలో గోడకానుకుని కూర్చుని, పేపరు చదువుతుంటే మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. అందరూ పోయాక నేను వచ్చే చలికాలపు కాగితాలు ముందేసుకున్నాను. పెన్‌పహాడ్ వాళ్లు తమ చెరువు ఇస్తామని రాశారు. ఆ సంగతే ఆయనకు చెప్పి, మన ఊరు ఈసారికి వదిలేద్దామనుకుంటున్నానన్నాను. నిజం చెప్పాలంటే ఆయన కోసమే ఆ మాట అన్నాను.

"ఎందుకు ఇడిసిపెడ్తవ్? ముందుగాల మనూరి చెరువే రాయి," అన్నాడు.

రాశాను. ఊరికి తిరిగిపోయి ఆయన నీరటి పని తీసుకున్నాడు. ఇకనుంచి పటేలు ముందు చెప్పులు విడవనని ముందే చెప్పి తీసుకున్నాడు. మరుసటి చలికాలం ఐదు క్లబ్బులు వచ్చాయి. మా వాడ వాళ్లు సొంతంగా ఒక దోనె తొలుచుకున్నారు. అది మొదటి పందెంలోనే సగం దూరం పోయి మునిగింది. నవ్వుతూ ఈదుకుంటూ ఊరు తాగే నీళ్ల నడుమ నుంచి ఇద్దరూ కట్టకు వచ్చారు.